ఇంట్లో ఉండి విదేశీ డిగ్రీ: ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు

చదువుకు సాయం కోరుతూ మన సొసైటీకి వచ్చే అర్జీల్లో ఈ మధ్య కొత్త రకం కనిపిస్తోంది. "ఇక్కడే ఉండి విదేశీ యూనివర్సిటీ డిగ్రీ చదువుతాను, ఫీజుకు సాయం చేయండి" అని పిల్లలు రాస్తున్నారు. ఇది నమ్మదగిన దారేనా అని దాతలు అడుగుతున్నారు. దారి మంచిదే. కానీ ఆ దారిలో మోసగాళ్లూ ఉన్నారు.

ఈ పద్ధతి కొత్తది కాదు. ఎక్కడ చదువుకున్నవారైనా తన పరీక్షలు రాయవచ్చని లండన్ యూనివర్సిటీ 1858లోనే అవకాశం ఇచ్చింది. 1878 నుంచి స్త్రీలకూ డిగ్రీలు అందుబాటులోకి తెచ్చింది. జైల్లో ఉండి దూరవిద్యతో చదివిన నెల్సన్ మండేలా 1989లో దక్షిణాఫ్రికాలోని యునిసా నుంచి ఎల్ఎల్‌బీ పొందారు. ఇల్లు కదలలేని ఆడపిల్లకూ, దుకాణంలో పనిచేసే కుర్రాడికీ ఇది నిజంగా మేలు చేయగలదు.

మరోవైపు, మాకు తెలిసిన ఒక అబ్బాయి గల్ఫ్‌లో పనిచేస్తూ, ఏజెంటు మాట నమ్మి, నెలనెలా జీతంలోంచి ఫీజు కట్టాడు. పరీక్షలు లేకుండానే సర్టిఫికెట్ చేతికొచ్చింది. అటెస్టేషన్‌కు పెట్టినప్పుడు, ఆ సంస్థకు డిగ్రీ ఇచ్చే అధికారమే లేదని తేలింది. ఇంటికి పంపవలసిన డబ్బు అలా పోయింది.

అందుకే అర్జీ చూడగానే మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి: ఆ యూనివర్సిటీకి సొంత దేశంలో గుర్తింపు ఉందా? బ్రిటన్‌లో డిగ్రీలిచ్చే అధికారం ఉన్న సంస్థల జాబితాను ప్రభుత్వమే అందరికీ అందుబాటులో ఉంచుతుంది. చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

రెండు: ఆ డిగ్రీ ఎక్కడ పనికి రావాలి? అసలైన డిగ్రీ అయినా, దూరవిద్యలో చదివితే ప్రతిచోటా చెల్లుతుందని లేదు. ఇక్కడి ఉద్యోగానికైతే యూజీసీ నిబంధనలు, గల్ఫ్‌కైతే ఆ దేశపు నిబంధనలు ముందే తెలుసుకోవాలి. జవాబు కాగితం మీద ఉండాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

మూడు: మొత్తం ఖర్చెంత? ప్రకటనలో కనిపించే ఫీజు ఒక్కటే కాదు. రిజిస్ట్రేషన్, పరీక్షా కేంద్రం రుసుము, పుస్తకాలు వేరు. ఫీజు పౌండ్లలోనో డాలర్లలోనో ఉంటే, రూపాయి విలువ తగ్గినప్పుడల్లా భారం పెరుగుతుంది.

ఈ జవాబులు సరిగా లేకపోతే సాయం మానేయనక్కరలేదు, దారి మార్చవచ్చు. హైదరాబాదులోనే 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. రెండింటిలోనూ దూరవిద్య ఉంది.

దాతలకు మా మనవి ఒక్కటే. సొమ్మంతా ఒకేసారి చేతికివ్వకుండా, ఏ ఏడాది ఫీజు ఆ ఏడాది నేరుగా యూనివర్సిటీకే కట్టించండి. పాసైన మార్కుల జాబితా చూసి తర్వాతి ఫీజు ఇవ్వండి. మీరిచ్చేది అమానత్. అది ఏజెంటు జేబులోకి కాక బిడ్డ చదువుకు చేరేలా చూడటం మనందరి బాధ్యత. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.