మోకాటి శస్త్రచికిత్స తరువాత తొడ కండరమునకు విద్యుత్ ప్రేరణ

మన శరీరపు బరువును మోయు కీళ్ళలో మోకాలు ముఖ్యమైనది. తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి ఉంచు బంధములను వైద్యులు లిగమెంట్లు అంటారు. వానిలో రెండు, కీలు నడుమ గుణకారపు గుర్తు వలె ఒకదానినొకటి దాటుకొని ఉంటాయి. ముందరి బంధము ఆటగాళ్ళలో తరచుగా తెగుతుంది. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు పాదము నేలకు ఆన్చి ఒక్కసారిగా మేను త్రిప్పినపుడు గాని, వాలీబాలులో ఎగిరి ఒంటికాలిపై దిగినపుడు గాని ఈ ప్రమాదము సంభవిస్తుంది. ఈ ఆటలు మన దేవరకొండ విద్యార్థులకు ప్రియమైనవి కనుక ఈ విషయమును ఇచట వివరించుట ఉచితమని తలచినాము.

పూర్తిగా తెగిన ఈ బంధము తనంతట తాను సరిగా అతుకుట అరుదు. అందుచేత వైద్యులు రోగి తొడ వెనుక నుండి గాని, మోకాటి చిప్ప క్రింద నుండి గాని స్నాయువు ముక్కను తీసి, ఎముకలలో చేసిన రంధ్రముల ద్వారా క్రొత్త బంధముగా అమర్చుతారు. అయితే అంతటితో కాలు బాగుపడదు. కొలది దినములలోనే తొడ ముందరి పెద్ద కండరము, అనగా ఉర్దూలో పట్ఠా అనునది, సన్నబడుతుంది. కాలు ఎత్తుమన్నను లేవదు. ఇంటివారు దీనిని బద్ధకమని నిందించుట కద్దు. అది సరికాదు. వాచిన కీలు నుండి వెన్నుపామునకు చేరు సంకేతములు మారిపోయి, తొడ కండరమునకు పోవలసిన ఆజ్ఞ అణగిపోతుంది. రోగి ఎంత ప్రయత్నించినను కండరములో కొంత భాగము మేలుకొనదు.

ఆ ఆజ్ఞ చాలనపుడు, చర్మముపై నుండి విద్యుత్తును పంపి తొడలోని నాడిని నేరుగా ప్రేరేపించుటయే ఈ చికిత్సలోని కిటుకు. కప్ప కాలిపై విద్యుత్తు చూపు ప్రభావమును ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్వానీ 1791లో ప్రకటించినాడు. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరిత విద్యుత్తును, తరువాతి దశకములలో ఫ్రాన్సు వైద్యుడు దుషేన్ కండరముల చికిత్సకు వినియోగించినాడు. 1970 దశకములో సోవియట్ శాస్త్రజ్ఞుడు కోట్స్ క్రీడాకారుల బలమును పెంచుటకు ఈ పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినాడు.

చికిత్సలో ఒక మెత్తను తొడ పైభాగమున వెలుపలి వైపున, మరియొక దానిని మోకాటికి కొంచెము పైన లోపలి వైపున అంటిస్తారు. కాలిని నిర్ణీత కోణములో కదలకుండ కట్టుతారు. విద్యుత్తు సుమారు 10 సెకనులు ప్రవహించి, 50 సెకనులు ఆగుతుంది. ఈ రీతి ప్రేరణతో కండరము త్వరగా అలసిపోతుంది కనుక ఆ విరామము అవసరము. విద్యుత్తు ప్రవహించునపుడు రోగి కూడ తన శక్తికొలది కండరమును బిగించుట మేలు.

ఇచట ఒక ముఖ్య భేదమును గమనించాలి. చర్మముపై చీమలు ప్రాకినట్లుండు స్వల్ప విద్యుత్తు నొప్పిని తగ్గించవచ్చును గాని, బలమును పెంచదు. కండరము కంటికి కనబడునంత గట్టిగా బిగియవలెను. అమెరికాలో స్నైడర్-మాక్లర్ బృందము 1995లో 110 మంది రోగులపై జరిపిన పరిశోధనను ప్రకటించినది. నాలుగు వారముల చికిత్స తరువాత, తీవ్రమైన విద్యుత్ ప్రేరణ పొందినవారి తొడ బలము రెండవ కాలి బలములో 70 శాతము, అంతకు పైగా ఉన్నది. గట్టి వ్యాయామము మాత్రమే చేసినవారిలో అది 57 శాతము. స్వల్ప విద్యుత్తు పొందినవారిలో 51 శాతము.

అట్లని అంగడిలో యంత్రము కొని ఎవరికి వారే వాడరాదు. గుండెలో పేస్‌మేకరు ఉన్నవారికి, కాలి సిరలో రక్తము గడ్డకట్టినదను అనుమానము ఉన్నవారికి, చర్మముపై పుండ్లు గాని, స్పర్శ లేమి గాని ఉన్నవారికి ఇది ప్రమాదకరము. మోకాటి కోణము తప్పినచో క్రొత్త బంధముపై ఒత్తిడి పడవచ్చును. ఇది వ్యాయామమునకు తోడే గాని, బదులు కాదు.

మన ప్రాంతములో అసలు చిక్కు దూరము. నిజాము ధర్మనిధి ఎముకల ఆసుపత్రిగా స్థాపించి, 1980 దశకములో నిమ్స్‌గా మారిన సంస్థ మొదలుగా పెద్ద ఆసుపత్రులు హైదరాబాదులో ఉన్నవి. అది ఇచటికి సుమారు 100 కిలోమీటర్లు. కుట్లు విప్పిన తరువాత వారమునకు రెండు మూడు మారులు పోయి వచ్చుటకు పేద విద్యార్థికి బస్సు ఖర్చులు చాలవు. చికిత్స మధ్యలో ఆగిపోతుంది. మెట్లు ఎక్కుట, పొలములో వంగుట, నమాజులో మోకాళ్ళపై కూర్చొనుట సైతము కష్టమవుతుంది. సాధారణముగా తొమ్మిది నెలలు నిండక, రెండు కాళ్ళ బలము సమీపమునకు రాక మైదానమునకు మరలరాదు.

ఓపికకు ఫలము ఉన్నదనుటకు మన తెలుగువాడే సాక్షి. 1994లో పుణెలో జరిగిన జాతీయ క్రీడలలో పుల్లెల గోపీచంద్ మోకాటి బంధము తెగినది. శస్త్రచికిత్సల అనంతరము ఆయన తిరిగి ఆడి, 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేత అయినాడు.

కళాశాల కమిటీవారు వ్యాయామ విభాగములో ఒక గదిని కేటాయించి, వారమునకు కొన్ని మారులు అర్హత గల ఫిజియోథెరపిస్టు వచ్చు ఏర్పాటు చేసినచో, గాయపడిన విద్యార్థులు చికిత్సను సగములో విడువనవసరము ఉండదు. విద్యార్థులు కూడ కాలు వాచి మడత పడుచున్నచో దాచిపెట్టక వెంటనే చెప్పాలని మా మనవి.