ఎడారి క్యాంపింగ్‌కు వెళ్తున్నారా? సిగ్నల్ పోయాక పనికొచ్చేవి ఇవే

గల్ఫ్‌లో నవంబర్ వచ్చిందంటే ఎండ తగ్గుతుంది. అప్పటి నుంచి మార్చి దాకా వారాంతం వస్తే చాలు, ఊరి బయట ఇసుకలో డేరాలు వెలుస్తాయి. స్థానిక అరబ్బులతో పాటు అక్కడ పని చేసుకుంటున్న మన తెలంగాణ, ఆంధ్ర కుటుంబాలు, ఒకే రూములో ఉండే యువకులు కూడా బండ్లు తీసుకుని బయలుదేరుతారు. రోడ్డు కనిపించేంత దూరంలోనే కబాబ్ కాల్చుకుని, చాయ్ తాగి వచ్చేవారికి పెద్దగా ఇబ్బంది ఉండదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో దిబ్బలు దాటుకుంటూ లోపలికి పోయేవారి సంగతే వేరు. హైవే వదిలి కొంత దూరం వెళ్లేసరికి చాలాచోట్ల ఫోన్‌లో సిగ్నల్ ఉండదు.

సౌదీ, యూఏఈ, ఒమన్, యెమెన్ దేశాల్లో పరుచుకున్న రుబ్ అల్ ఖాలీ ఎడారి విస్తీర్ణం సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపినా అందులో సగానికి రావు. 2024 ఆగస్టులో ఈ ఎడారిలోనే తెలంగాణకు చెందిన ఒక యువకుడు, ఆయనతో ఉన్న సూడాన్ దేశస్థుడు ప్రాణాలు కోల్పోయారు. జీపీఎస్ పని చేయక దారి తప్పారని, ఫోన్ చార్జింగ్, బండిలో ఇంధనం కూడా అయిపోయాయని అప్పట్లో వార్తలు వచ్చాయి.

డేరా, బొగ్గులు, మాంసం సర్దుకోవడం ఎవరూ మర్చిపోరు. మనం ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి తిరిగి రావాలో బయట ఒక్కరికైనా తెలుసా అన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. ఎడారిలో ప్రాణం నిలబడేది ముందుగా ఆ ఒక్క విషయం మీదే.

జీపీఎస్ వేరు, సిగ్నల్ వేరు

ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలామంది చిక్కుల్లో పడుతున్నారు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను ఫోన్ అందుకుని, మనం ఎక్కడున్నామో లెక్క కడుతుంది. దీనికి సెల్ టవర్ అవసరం లేదు. కానీ తెర మీద కనిపించే మ్యాప్ ఇంటర్నెట్ నుంచి వస్తుంది. సిగ్నల్ పోగానే మ్యాప్ ఖాళీ అవుతుంది, నీలి చుక్క ఒక్కటే మిగులుతుంది. అందుకే బయలుదేరే ముందు రోజే వైఫై ఉన్నచోట ఆ ప్రాంతం మ్యాప్ మొత్తం ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్స్ ఉంటాయి. ఓఎస్‌ఎమ్‌ఆండ్ లాంటి యాప్‌లలో మట్టి దారులు కూడా కనిపిస్తాయి. ఇద్దరి ముగ్గురి ఫోన్లలో ఈ మ్యాప్ ఉండటం మంచిది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. జీపీఎస్ మనం ఎక్కడున్నామో మనకే చెబుతుంది, వేరేవాళ్లకు చెప్పదు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటల వరకు పెట్టవచ్చు గానీ, డేటా ఆగిపోయిన క్షణం నుంచి అది కదలదు. ఇంట్లో అమ్మీ చూస్తున్నది కొడుకు ఇప్పుడున్న చోటు కాదు, సిగ్నల్ ఉన్న చివరి చోటు. ఆ సంగతి ఇంటివాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

ఉన్నచోటును అంకెల్లో రాసుకోవడం కూడా నేర్చుకోవాలి. ఉదాహరణకు చార్మినార్ ఉన్నచోటు 17.3616, 78.4747. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. చుక్క తర్వాత నాలుగు అంకెలు ఉంటే సుమారు 11 మీటర్ల తేడాతో చోటు దొరుకుతుంది. మ్యాప్‌లో నీలి చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే ఈ అంకెలు వస్తాయి. ఫోన్ చార్జింగ్ అయిపోకముందే కాగితం మీద రాసుకుంటే, కాల్ కలిసిన ఒక్క నిమిషంలోనే పోలీసులకు చెప్పేయొచ్చు.

ఫోన్ బ్యాటరీని కాపాడుకోవడం

సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, చార్జింగ్ త్వరగా దిగిపోతుంది. అలాంటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. చాలా ఫోన్లలో ఫ్లైట్ మోడ్‌లోనూ జీపీఎస్ పని చేస్తుంది. కారు చార్జర్, పవర్ బ్యాంక్ రెండూ ఉండాలి. బండిలో పెట్రోలు అయిపోతే కారు చార్జర్‌ను నమ్ముకోలేం కదా.

కాల్ వెళ్లనిచోట ఒక్కోసారి ఎస్‌ఎమ్‌ఎస్ వెళ్తుంది. వాట్సాప్‌కు డేటా కావాలి, ఎస్‌ఎమ్‌ఎస్‌కు అక్కర్లేదు. దగ్గరలో ఎత్తైన దిబ్బ ఉంటే, బండి కనిపించే దూరం దాటకుండా, దాని మీదికి ఎక్కి ప్రయత్నించాలి. మీ సిమ్ కంపెనీ టవర్ అందకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే అత్యవసర కాల్ కలుస్తుంది. సౌదీలో మక్కా, మదీనా, రియాద్, తూర్పు ప్రాంతాల్లో 911, మిగతా చోట్ల పోలీసులకు 999. యూఏఈ, ఖతర్‌లలో 999, ఒమన్‌లో 9999, కువైట్‌లో 112.

శాటిలైట్ పరికరాలు

తరచూ లోపలికి వెళ్లేవారు శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్ మెసెంజర్ గానీ దగ్గర పెట్టుకుంటారు. ఇరిడియం సంస్థ 66 ఉపగ్రహాలతో భూమి మొత్తానికీ సేవలు ఇస్తోంది. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి చిన్న పరికరాలు దాని మీదే నడుస్తాయి. ఇవి చిన్న మెసేజ్‌లు పంపుతాయి, అందుకుంటాయి, ఎస్‌ఓఎస్ బటన్ నొక్కితే మన లొకేషన్‌ను సహాయ కేంద్రానికి చేరవేస్తాయి. నెలవారీ ప్లాన్ తీసుకోకపోతే పని చేయవు. యూఏఈలో మొదలైన తురయా శాటిలైట్ ఫోన్లు కూడా గల్ఫ్‌లో వాడుకలో ఉన్నాయి. ఐఫోన్ 14 నుంచి వచ్చిన శాటిలైట్ ఎస్‌ఓఎస్ అన్ని దేశాల్లో లేదు. మీరున్న దేశంలో ఉందో లేదో చూడకుండా దాన్ని నమ్ముకుని వెళ్లవద్దు. పరికరం ఏదైనా, అక్కడి చట్టం ప్రకారం అనుమతి ఉందో లేదో కొనే ముందే తెలుసుకోవాలి.

మరో హెచ్చరిక. సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు ఈ పరికరాలను బ్యాగులో వేసుకుని రావద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా భారత్‌లో శాటిలైట్ ఫోన్లు తేవడం, వాడటం నేరం. తురయా, ఇరిడియం మీద నిషేధం ఉంది. ఇన్‌రీచ్ లాంటి పరికరాలతో దిగి, విమానాశ్రయాల్లో కేసుల్లో చిక్కుకున్న ప్రయాణికులు ఉన్నారు.

బయలుదేరే ముందు

ఒక్క బండిలో వెళ్లవద్దు. కనీసం రెండు ఉండాలి. ఒకటి ఇసుకలో దిగబడితే రెండోది లాగుతుంది. ఇసుకలో బండి రోడ్డు మీద కంటే చాలా ఎక్కువ ఇంధనం తాగుతుంది, ఒక్కోసారి రెట్టింపు. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలిని 15 నుంచి 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తారు. మళ్లీ రోడ్డెక్కాక గాలి నింపడానికి కంప్రెసర్ కావాలి. పార, లాగే తాడు, టైర్ల కింద వేసే పలకలు తప్పనిసరి. నీళ్లు మనిషికి రోజుకు కనీసం 5 లీటర్ల చొప్పున, అనుకున్న దానికంటే రెండు రోజులకు అదనంగా ఉండాలి.

ఇక అన్నిటికంటే చౌకైన, అన్నిటికంటే గట్టి జాగ్రత్త ఒక కాగితం. అందులో ఎవరెవరు వెళ్తున్నారు, బండ్ల నంబర్లు, రంగు, హైవే ఎక్కడ దిగుతున్నారు, డేరా ఎక్కడ వేస్తారు, ఎప్పటికి తిరిగి వస్తారు అన్నవి రాయాలి. దాని ఫొటో తీసి ఇద్దరికి పంపాలి. ఒకరు అదే దేశంలో ఉన్న స్నేహితుడో బంధువో అయి ఉండాలి, ఎందుకంటే నిజామాబాద్‌లో కూర్చున్న అబ్బాజాన్ సౌదీ పోలీసులకు 999 కొట్టలేరు. గడువు కూడా స్పష్టంగా ఉండాలి. "రాత్రి 9కి మెసేజ్ రాకపోతే ఫోన్ చెయ్, 11 దాకా దొరక్కపోతే పోలీసులకు చెప్పు" అన్నట్టు. సౌదీలో రాత్రి 9 అంటే మనకు 11.30 అని ఇంటివాళ్లకు గుర్తు చేయాలి, లేకపోతే అనవసరంగా కంగారు పడతారు. మధ్యలో దారి మారితే, సిగ్నల్ ఉన్నప్పుడే ఆ సంగతి చెప్పాలి.

డేరా వేసేచోట

వాదీ, అంటే ఎండిపోయిన వాగులో డేరా వేయకూడదు. ఎక్కడో దూరాన కొండల్లో వాన పడితే ఇక్కడికి వరద వస్తుంది. సబ్ఖా అనే ఉప్పు నేలలు పైకి గట్టిగా కనిపిస్తాయి, కింద బురద ఉంటుంది, బండి దిగబడితే లాగడం చాలా కష్టం. చలికాలం రాత్రుళ్లు ఎడారి బాగా చల్లబడుతుంది. అలాగని బొగ్గుల కుంపటిని డేరాలో గానీ, అద్దాలు ఎత్తిన బండిలో గానీ పెట్టుకుని పడుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి, తేళ్లు దూరి ఉంటాయి.

చిక్కుకుపోతే

బండిని వదిలి నడవొద్దు. గాలించేవారికి పైనుంచి బండి కనిపించినంత సులువుగా మనిషి కనిపించడు. బండి నీడలో కూర్చుని, పగలు కదలికలు తగ్గించాలి. నీళ్లను దాహం వేసినప్పుడు తాగాలి, దాచిపెట్టుకుని కుప్పకూలవద్దు. అద్దంతో ఎండను తిప్పి మెరిపిస్తే చాలా దూరం కనిపిస్తుంది. రాత్రి హెడ్‌లైట్లు, పగలు పొగ. హారన్ గానీ, లైటు గానీ మూడేసి సార్లు ఇస్తే అది సహాయం కోరే గుర్తు. తాగడానికే నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు వుజూకు బదులు తయమ్ముమ్‌కు షరీఅత్‌లో అనుమతి ఉంది, ఆ నీళ్లు తాగడానికే ఉంచుకోవాలి.

ఇంటివాళ్లు ఏం చేయాలి?

గల్ఫ్‌లో ఉన్నవారంతా సరదాకే ఎడారిలోకి వెళ్లరు. డ్రైవర్లు, టవర్ల దగ్గర పని చేసేవారు, గొర్రెలు, ఒంటెలు కాసేవారు డ్యూటీ మీదే వెళ్తారు. అందుకే ఇంట్లో ఎప్పుడూ కొన్ని వివరాలు రాసి ఉంచుకోవాలి: పాస్‌పోర్ట్ నంబర్, ఇకామా లేదా ఆ దేశపు గుర్తింపు కార్డు నంబర్, కఫీల్ లేదా కంపెనీ ఫోన్ నంబర్, పక్క రూములో ఉండే ఇద్దరి నంబర్లు. అనుకున్న సమయానికి ఫోన్ రాకపోతే ముందు ఆ ఇద్దరికి, తర్వాత కంపెనీకి కాల్ చేసి, అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేయించాలి. అదే సమయంలో ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి చెప్పాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

"రేపు వస్తాడేమోలే" అని ఆగితే ఎండాకాలంలో ఒక్క రోజే చాలా ఎక్కువ. ఈ వారాంతం మీవాళ్లు ఇసుకలోకి వెళ్తున్నామని ఫోన్ చేస్తే జాగ్రత్త అని చెప్పి పెట్టేయకండి. ఎక్కడికి, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు అని అడిగి రాసుకోండి.