పేల్చకుండానే పగిలిన తూటాలు

ఆంగ్లేయుల ఏలుబడిలో వానాకాలం వచ్చిందంటే మన దేశంలోని సైన్యానికి పని తగ్గిపోయేది. దారులన్నీ బురద. వాగులు పొంగితే బండ్లు కదలవు. అందుకని తూటాల పెట్టెలను తడవకుండా గుర్రపుశాలల్లో భద్రపరిచి, వానలు వెలిసేదాకా ఆగేవారు. తీరా పెట్టెలు తెరిచి చూస్తే ఒక వింత కనబడేది. ఎవరూ ముట్టుకోని తూటాల్లో చాలా వాటికి ఇత్తడి తొడుగు పగిలి ఉండేది! ముఖ్యంగా, గుండును బిగించి పట్టుకునే మూతి దగ్గర ఆ పగుళ్ళు కనిపించేవి. వాటిని ఎవరూ విసరలేదు, తొక్కలేదు, తుపాకిలో పెట్టి పేల్చనూ లేదు. మరి పగులగొట్టింది ఎవరు?

అలాంటి తూటాను నమ్ముకుని వెళ్ళే సైనికుడి గతి ఏమిటో ఆలోచించండి. అవసరానికి అది పేలకపోవచ్చు. పేలితే వేడి వాయువు పగులులోంచి తన్నుకు రావచ్చు. ఈ చిక్కుముడి 1921లో గాని విడిపోలేదు. నేరస్థులు ఇద్దరని తేలింది. ఒకడు ఇత్తడి లోపలే దాక్కుని ఉన్నాడు. రెండోవాడు గాలిలో తేలుతూ వచ్చాడు. వాళ్ళను పట్టుకోవాలంటే ముందు ఆ తొడుగు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి.

ఇత్తడే ఎందుకు?

తూటాలో ముందు భాగం గుండు. వెనుక భాగం మందును దాచుకునే గొట్టం వంటి తొడుగు. ఈ తొడుగును చేసే ఇత్తడిలో నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు ఉంటాయి.

తుపాకి పేలినప్పుడు లోపల పుట్టిన వాయువుల పీడనానికి తొడుగు ఉబ్బి, తుపాకి గది గోడలకు గట్టిగా అతుక్కుంటుంది. అందువల్ల వాయువులు వెనక్కి రాకుండా మూత పడినట్లవుతుంది. పీడనం తగ్గగానే తొడుగు కొద్దిగా ముడుచుకుని గోడలను వదిలేస్తుంది. అప్పుడే దానిని సులభంగా బయటికి లాగడానికి వీలవుతుంది. సాగే గుణం, తిరిగి ముడుచుకునే గుణం, రెండూ తగుపాళ్ళలో ఉండాలి. మరీ మెత్తని లోహమైతే ఉబ్బి అక్కడే ఉండిపోతుంది. మరీ పెళుసైతే చిట్లుతుంది. 70-30 ఇత్తడి ఈ రెండింటికీ నడుమ చక్కగా సరిపోతుంది.

కంసాలి కమ్మచ్చు

మీ ఊళ్ళో కంసాలి తీగ తీయడం చూశారా? ఆయన దగ్గర వరుసగా చిన్న చిన్న రంధ్రాలున్న ఉక్కు పలక ఒకటి ఉంటుంది. దానిని కమ్మచ్చు అంటారు. బంగారు కమ్మి కొసను సన్నగా చేసి, పెద్ద రంధ్రంలో దూర్చి, పటకారుతో లాగుతాడు. తరువాత దానికంటే చిన్న రంధ్రం, ఆ తరువాత ఇంకా చిన్నది. ఒక్కసారిగా చిన్న రంధ్రంలోంచి లాగబోతే తీగ తెగిపోతుంది. నాలుగైదు సార్లు లాగాక ఆయన తీగను చుట్టగా చుట్టి నిప్పుల మీద కాలుస్తాడు. మళ్ళీ లాగుతాడు.

తూటా తొడుగు చేసే కర్మాగారంలో జరిగేదీ ఇదే. మందపాటి ఇత్తడి రేకు నుంచి గుండ్రని బిళ్ళను కత్తిరిస్తారు. దానిని ఉక్కు అచ్చు మీద పెట్టి పైనుంచి కడ్డీతో నొక్కితే చిన్న గిన్నె అవుతుంది. ఆ గిన్నెను మరికొంత ఇరుకైన అచ్చులోంచి తోస్తే గోడలు పలచబడి పొడవు పెరుగుతుంది. అలా మెట్టుమెట్టుగా గిన్నె గొట్టమవుతుంది. నడుమ నడుమ దానిని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు. చివరికి అడుగు భాగాన్ని గట్టిగా నొక్కి చదును చేస్తారు. మూతిని మరో అచ్చులోకి నెట్టి సన్నని మెడగా మారుస్తారు.

కంసాలి, కర్మాగారం ఇద్దరూ ఎందుకు మాటిమాటికీ నిప్పును ఆశ్రయిస్తున్నారు? దీనికి జవాబు మీరే కనుక్కోవచ్చు.

ఒక ప్రయోగం

ఇంటి వైరింగులో వాడే ఒంటి పోగు రాగి తీగ జానెడు తీసుకోండి. పైనున్న ప్లాస్టిక్ పూర్తిగా ఒలిచేయండి. తీగను నడుమ వంచండి. సులభంగా వంగుతుంది. ఇప్పుడు దానిని తిన్నగా చేయడానికి ప్రయత్నించండి. మొదట వంచిన చోట తీగ మొండికేస్తుంది. దానికి అటూ ఇటూ ఉన్న చోట్ల వంగుతుంది గాని, ఆ చోట తిన్నగా రాదు. ఒక్కసారి వంచినందుకే అక్కడ రాగి గట్టిపడిందన్న మాట!

ఇప్పుడు మీ సైన్సు మాస్టారి సమక్షంలో ఆ తీగను పటకారుతో పట్టుకుని, మంటలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చండి. తరువాత నీళ్ళలో ముంచండి. చల్లారాక వంచి చూడండి. కొత్త తీగలా మెత్తగా వంగుతుంది. పైన ఏర్పడిన నల్లని పొర రాగి ఆక్సైడు.

ఇలా ఎందుకు జరిగింది? లోహం బయటికి ఒకే ముద్దలా కనిపించినా, నిజానికి అది కంటికి కనబడని చిన్న చిన్న స్ఫటిక రేణువుల గుంపు. ప్రతి రేణువులోనూ పరమాణువులు కవాతులో సైనికుల్లా వరుసలు తీరి ఉంటాయి. అయితే అక్కడక్కడ ఒక వరుస సగంలోనే ఆగిపోతుంది. ఈ లోపాల వల్లనే లోహం వంగుతుందని 1934లో టేలర్, ఓరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారే సూచించారు. పెద్ద తివాచీని మొత్తంగా లాగడం కష్టం. ఒక చివర చిన్న ముడత చేసి, ఆ ముడతను రెండో చివరకు తోస్తే తివాచీ సులభంగా జరుగుతుంది. లోహంలోని లోపం కూడా ఆ ముడతలాగే కదులుతుంది.

వంచినకొద్దీ ఇలాంటి ముడతలు కోట్లాదిగా పుట్టి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. సంతలో రద్దీ పెరిగితే ఎవరూ కదలలేనట్లు, ఏ ముడతా ముందుకు సాగదు. అదే లోహం గట్టిపడటం. బాగా కాల్చినప్పుడు పరమాణువులకు కదిలే శక్తి వస్తుంది. నలిగిన పాత రేణువుల స్థానంలో ముడతలు తక్కువగా ఉన్న కొత్త రేణువులు పెరుగుతాయి. లోహం మళ్ళీ మెత్తబడుతుంది. దీనిని ఎనీలింగ్ అంటారు.

ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది గదా, రాగి ఎందుకు గట్టిపడలేదని మీకు అనుమానం రావచ్చు. తగినంత కార్బను ఉన్న ఉక్కులో, చల్లబడే వేగాన్ని బట్టి స్ఫటికాల అమరికే మారిపోతుంది. రాగిలోనూ, 70-30 ఇత్తడిలోనూ ఆ మార్పు లేదు. కాబట్టి నీళ్ళలో ముంచినా, గాలికి వదిలినా ఒకటే. కాని అతిగా కాల్చితే రేణువులు మరీ పెద్దవైపోతాయి. అలాంటి రేకును సాగదీస్తే నారింజ తొక్కలా గరుకుగా తయారవుతుంది.

పాత తొడుగుకు కొత్త రూపం

అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో నూరేళ్ళ నాటి పాత తుపాకులను చట్ట ప్రకారం భద్రపరుచుకునేవారు కొందరున్నారు. ఆ తుపాకుల్లో కొన్నింటికి సరిపడే తొడుగులను కర్మాగారాలు ఎప్పుడో మానేశాయి. అలాంటప్పుడు వారిలో ఓపిక ఉన్నవాళ్ళు ఇంట్లోనే లేతు మీద ఉక్కు అచ్చులు చేసుకుని, దొరికే వేరే రకం ఖాళీ తొడుగులను వాటిలోకి నొక్కి పాత రూపానికి తెస్తారు. ఈ పనిలో వాళ్ళకు ఎదురయ్యే చిక్కులు మనం చెప్పుకున్న పాఠానికి మంచి ఉదాహరణలు.

మొదటిది, అచ్చు కొలత. తొడుగు ఎంత ఉండాలో అచ్చు సరిగ్గా అంతే ఉంటే పని జరగదు. నొక్కి బయటికి తీయగానే ఇత్తడి తన స్థితిస్థాపకత వల్ల కొద్దిగా విచ్చుకుంటుంది. కాబట్టి అచ్చును ఆ మేరకు చిన్నదిగా చేయాలి. గట్టిపడిన ఇత్తడి ఎక్కువ విచ్చుకుంటుంది, మెత్తని ఇత్తడి తక్కువ. అంటే లోహం స్థితి తెలియకుండా అచ్చు కొలత తేలదు!

రెండోది, లోహం ఎక్కడికీ పోదు. మెడను సన్నగా నొక్కితే అక్కడి ఇత్తడి మందంగానో, పొడవుగానో మారి తీరాలి. అందుకే నొక్కిన తరువాత కొలిచి, మిగులును కోసేస్తారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఒకేసారి ఎక్కువ నొక్కితే మెడ ముడతలు పడుతుంది. కాబట్టి రెండు మూడు అచ్చుల్లో మెట్లుగా నొక్కుతూ, నడుమ మెడను కాల్చాలి. కాని అడుగు భాగం ఎప్పటికీ మెత్తబడకూడదు. పేలుడు పీడనాన్ని వెనుకవైపు భరించేది అదే. ఒకే ముక్కలో ఒక కొసను కాల్చి, రెండో కొసను చల్లగా ఉంచడం ఎలా? ఖాళీ తొడుగును నీళ్ళున్న పళ్ళెంలో నిలబెట్టి, పైకి తేలిన మెడను మాత్రమే కాలుస్తారు. నీరు ద్రవంగా ఉన్నంతసేపూ 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటదు గదా! ఆ వేడికి ఇత్తడి మెత్తబడదు.

నేరస్థులు దొరికారు

ఇక గుర్రపుశాలకు వెళదాం. అచ్చులో నొక్కిన మెడ ఎప్పుడూ విచ్చుకోవాలని చూస్తూనే ఉంటుంది. గట్టి పొరలు, మెత్తని పొరలు ఒకదాన్నొకటి లాగుతూ పట్టుకుని ఉంటాయి. బయటినుంచి ఏ బలమూ లేకపోయినా లోపల మిగిలిపోయిన ఈ గుంజులాటను అవశిష్ట ప్రతిబలం అంటారు. సాగలాగి చేసిన ఇత్తడి గొట్టాన్ని కాల్చకుండా నిలువునా రంపంతో కోస్తే, కోత దానంతటదే తెరుచుకోవడంలో ఈ బలాన్ని కళ్ళారా చూడవచ్చు. మొదటి నేరస్థుడు ఇతడే.

రెండోవాడు అమ్మోనియా. గుర్రాల మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొడితే అమ్మోనియా పుడుతుంది. పశువుల పాకలో ముక్కుకు ఘాటుగా తగిలే వాసన అదే. మైలతుత్తం ద్రావణానికి అమ్మోనియా ఎక్కువగా కలిపితే చిక్కని నీలి రంగు రావడం మీరు ప్రయోగశాలలో చూసి ఉంటారు. రాగి అయాన్లను అమ్మోనియా అంత గట్టిగా పట్టుకుంటుంది. వానాకాలపు చెమ్మ, గాలిలోని ఆక్సిజను తోడైతే అది ఇత్తడిని, ముఖ్యంగా రేణువుల సరిహద్దుల వెంట, కొరుకుతుంది. కొరికిన చోట సన్నని గాటు పడుతుంది. లోపల ఉన్న గుంజులాట ఆ గాటును తెరుస్తుంది. తెరిచిన గాటులోకి అమ్మోనియా మరింత లోతుగా పోతుంది. ఇలా ఒకరికొకరు సాయపడి తొడుగును చీల్చేశారు.

1921లో ఈ రహస్యాన్ని వెల్లడించినవారు మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు. గుంజులాట ఒక్కటే ఉంటే తొడుగు ఏళ్ళ తరబడి నిలిచేది. అమ్మోనియా ఒక్కటే ఉంటే పైపైన మరక పడేది. రెండూ కలిసినప్పుడే పగులు. కాబట్టి ఒకరిని తప్పిస్తే చాలు. సైన్యం వెళ్ళిన ప్రతిచోటా అమ్మోనియాను ఆపలేం. కనుక గుంజులాటను తొలగించాలి. ఇత్తడిని 250 నుంచి 300 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కొంతసేపు వేడి చేస్తే గట్టిదనం పెద్దగా తగ్గకుండానే లోపలి ప్రతిబలం చాలావరకు తగ్గిపోతుంది. మెడను అచ్చులో నొక్కిన తరువాత మంట చూపించడం కూడా ఈ జాగ్రత్త కోసమే. సైనిక తూటాల బొమ్మలు చూసినప్పుడు మెడ దగ్గర నీలి, గోధుమ రంగు నీడ కనబడితే అది మురికి కాదు, ఆ మంట గుర్తు.

మన ఇళ్ళలో

ఈ జబ్బు తూటాలకే పరిమితం కాదు. అతిగా బిగించిన ఇత్తడి కుళాయి మరలు, గొట్టాల బిగింపులు అమ్మోనియా సోకితే ఇలాగే చిట్లుతాయి. మరుగుదొడ్ల దగ్గర, పశువుల పాకల దగ్గర, అమ్మోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవాలు వాడేచోట ఈ ముప్పు ఎక్కువ. ఈసారి చిట్లిన ఇత్తడి బిగింపు కనబడితే, "నాసిరకం" అని పారేసే ముందు అది ఎక్కడ ఉండేదో, ఎంత బిగించి ఉండేదో అడిగి తెలుసుకోండి. నేరస్థులిద్దరూ అక్కడ ఉన్నారేమో చూడండి.

ఒక హెచ్చరిక. పొలంలోనో, పాత సామానులోనో తూటా దొరికితే, అది ఖాళీదని తోచినా సరే, ముట్టుకోవద్దు, కొట్టవద్దు, కాల్చవద్దు. వెంటనే పెద్దలకు చెప్పి పోలీసులకు తెలియజేయండి. ఎంత పాతదైనా తూటా పేలవచ్చు. పైగా మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా తూటాలు ఉంచుకోవడం, తయారు చేయడం నేరం. ఈ పాఠం నేర్చుకోవడానికి తూటాతో పనిలేదు. జానెడు రాగి తీగ చాలు. ఎన్నిసార్లు వంచితే అది తెగుతుందో లెక్కపెట్టండి. అలాంటిదే మరో తీగను ప్రతి నాలుగు వంపులకు ఒకసారి కాల్చి, చల్లార్చి, మళ్ళీ వంచండి. రెండు లెక్కలనూ మీ నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకుని పోల్చి చూడండి.