తాడు తెగలేదు, ముడి జారింది

"తాడు తెగలేదు మామయ్యా, ముడి ఊడిపోయింది" అంటూ మా మేనల్లుడు రెండు మూరల తెల్లతాడు నా చేతిలో పెట్టాడు. పట్టులా మెరుస్తోంది. కొవ్వొత్తి రుద్దినట్టు నున్నగా ఉంది.

వాడు నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తాడు. సెలవు దొరికితే సముద్రపు ఒడ్డుకు వెళ్లి పవర్ కైట్ ఎగరేస్తాడు. ఇది మన సంక్రాంతి గాలిపటం కాదు. ఐదారు చదరపు మీటర్ల గుడ్డను అరలు అరలుగా కుడితే గాలి నిండి విమానం రెక్కలా ఉబ్బుతుంది, మనిషిని ఇసుక మీద ఈడ్చుకుపోతుంది. నాలుగు దారాలు, చేతికొకటి చొప్పున రెండు పిడులు. ఊరికే పట్టుకుంటే కాసేపటికే భుజాలు లాగేస్తాయి. అందుకని రెండు పిడుల మధ్య ఒక పొట్టి తాడు కట్టి, దాన్ని నడుముకు బిగించిన హార్నెస్ కొక్కేనికి తగిలిస్తారు. బరువంతా నడుము మీదికి పోతుంది, చేతులకు తిప్పే పని ఒక్కటే మిగులుతుంది. ఆ పొట్టి తాడే వాడు ఇంట్లో కట్టుకున్నాడు. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. అలాంటి ఒక విసురుకి ముడి నెమ్మదిగా పాకి, కొస బయటికి వచ్చేసింది.

ఇంత గట్టి తాడుకు ముడి ఎందుకు నిలవదు? ఈ ప్రశ్నకు జవాబు ఆ తాడు పుట్టుకలోనే ఉంది. అది పుట్టింది కూడా ఆ దేశంలోనే.

నెదర్లాండ్స్ ఆగ్నేయపు కొసన హీర్లెన్, గెలీన్ అనే ఊళ్లున్నాయి. ఒకప్పుడు అక్కడ బతుకంతా బొగ్గుగనుల మీదే. 1974 చివరి రోజుతో ఆఖరి గని మూతపడింది. గనులు తవ్విన ప్రభుత్వ సంస్థ డీఎస్ఎం అప్పటికే రసాయనాల వైపు మళ్లింది. దాని ప్రయోగశాలలో 1960లలో ఆల్బర్ట్ పెన్నింగ్స్ పాలిథిలిన్‌ను ద్రావణంలో కరిగించి కలియబెడుతూ, కదిపే కడ్డీకి సన్నని పోగులు చుట్టుకోవడం గమనించాడు. పాలిథిలిన్ అంటే మనం కూరగాయలు తెచ్చుకునే సంచీ సరుకే. 1933లో ఇంగ్లండ్‌లో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు దాన్ని అనుకోకుండా కనుగొన్నారు. గోటితో లాగితే సాగిపోయే ఆ మెత్తని పదార్థంలో ఉక్కును మించిన నార దాగి ఉంటుందని ఎవరు అనుకుంటారు?

1970ల చివర అదే డీఎస్ఎంలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా ఆ నారను బయటికి తీసే దారి కనిపెట్టారు. మామూలు పాలిథిలిన్ అణువు ఒక గొలుసు. కానీ ఆ గొలుసులు వండిన సేమ్యాలా ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయి. లాగితే చిక్కు బిగుస్తుంది తప్ప గొలుసు సాగి నిటారుగా నిలవదు. వాళ్లు మామూలు కంటే ఎన్నో రెట్లు పొడవైన గొలుసులు తీసుకుని, డెకాలిన్ అనే ద్రావకంలో బాగా పలచగా కరిగించారు. పలచన కాబట్టి చిక్కులు తగ్గాయి. ఆ ద్రావణాన్ని జంతికల గొట్టంలోంచి పిండిని ఒత్తినట్టు సన్నని రంధ్రాల గుండా చల్లటి నీళ్లలోకి ఒత్తారు. జెల్లీ పోగులొచ్చాయి. వాటిని వేడిచేస్తూ ముప్పై రెట్లు, అంతకు మించి కూడా సాగదీశారు. చిక్కు వీడిన గొలుసులన్నీ ఒకే దిక్కుకు తిరిగి పక్కపక్కన పడుకున్నాయి. 1979లో పేటెంటు, 1990లో హీర్లెన్‌లో కర్మాగారం. డైనీమా అని పేరు పెట్టారు. బరువుకు బరువు తూస్తే ఉక్కు కంటే సుమారు 15 రెట్లు బలమని తయారీదారుల లెక్క. నీళ్లలో వేస్తే తేలుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ అంకె కాదు, ఆ బలం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది. నైలాన్‌లో, కెవ్లార్‌లో పక్కపక్క గొలుసులు హైడ్రోజన్ బంధాలతో చేతులు పట్టుకుని ఉంటాయి. పాలిథిలిన్ గొలుసుల మధ్య అలాంటి బంధాలు లేవు. ఉన్నది బలహీనమైన ఆకర్షణే. మరి ఎలా నిలుస్తుంది? పొడవుతో. గొలుసు చాలా పొడవు కాబట్టి పక్క గొలుసును లెక్కలేనన్ని చోట్ల కొద్దికొద్దిగా పట్టుకుంటుంది. ఒక్కో పట్టు నలుసంతే, అన్నీ కలిస్తే టన్నులు మోస్తుంది.

మా తాతయ్య కోనసీమలో కొబ్బరి పీచుతో తాళ్లు పేనేవాడు. పీచు పొడవు జానెడే, తాడు మాత్రం ఇరవై మూరలు. "పాత పీచు అయిపోకముందే కొత్త పీచు కలపాలిరా, ఒకదాని పక్కన ఒకటి చాలాదూరం నడవాలి" అనేవాడు. పురి ఎక్కించాక తాడును లాగితే పీచులు ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా నొక్కుకుంటాయి. గరుకు పీచు కాబట్టి జానెడు సరిపోయింది. డైనీమా ఒంటి మీద గరుకే లేదు. అందుకే ముడి జారుతుంది. గొలుసుల మధ్య ఆకర్షణ బలహీనం, అందుకే 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు రాగానే కరిగిపోతుంది. అందుకే ఎక్కువసేపు బరువు మోస్తే కొంచెం కొంచెంగా సాగి, మళ్లీ వెనక్కి రాదు. అణువులు ఒకదాని మీద ఒకటి పాకుతాయన్నమాట. పవర్ కైట్‌లో ముందు రెండు దారాలే ఎక్కువ బరువు మోస్తాయి కాబట్టి కొన్నాళ్లకు అవి వెనక దారాలకంటే పొడవవుతాయి. కైట్ ముందుకు పోకుండా మొరాయిస్తుంది. కొత్తవాళ్లు గాలినో కైట్‌నో తిట్టుకుంటారు గాని, దారాలు కొలిచి చూసుకోరు.

ఈ నున్నదనమే మరోచోట అక్కరకొస్తుంది. కైట్‌ను ఆకాశంలో గిరగిర తిప్పితే దారాలు మెలిపడతాయి. నాలుగైదు మెలికలు పడ్డా ఒకదాని మీద ఒకటి జారుతాయి కాబట్టి తిప్పడానికి అడ్డు రాదు. 1965లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన కెవ్లార్‌తోనూ కైట్ దారాలు వచ్చాయి. అవి గరుకు. వేరే దారం తగిలితే కోసేస్తాయి, ముడి దగ్గర వంగి నలుగుతాయి, ఎండకు చెడతాయి. ఇక నైలాన్ బాగా సాగుతుంది.  దానితో హార్నెస్ తాడు కడితే ఒక్కో గాలి విసురుకి నడుము రబ్బరుకి కట్టినట్టు ఊగుతుంది.

గాలిపటంతో మనిషిని లాగించాలన్న ఆశ పాతదే. బ్రిస్టల్ బడిపంతులు జార్జ్ పోకాక్ 1826లోనే కైట్లు లాగే బండికి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో గుర్రాల లెక్కన సుంకం కట్టాలి, ఈ బండికి గుర్రాలు లేవు. న్యూజీలాండ్‌లోని ఆష్‌బర్టన్‌లో పీటర్ లిన్ మూడు చక్రాల కైట్ బగ్గీని రూపుదిద్దింది 1990 ప్రాంతంలో, హీర్లెన్ కర్మాగారం మొదలైన రోజుల్లోనే.

సరే, మావాడి తాడు సంగతి. బలం ఒక్కటే చూస్తే మూడు మిల్లీమీటర్ల డైనీమా అల్లిక చాలు, కొత్తగా ఉన్నప్పుడు టన్నుకు దగ్గరగా మోస్తుంది. కానీ హార్నెస్ తాడు ఊరికే వేలాడదు. చేతులు కదిలినప్పుడల్లా కొక్కెంలో అటూ ఇటూ జారుతుంది, రాపిడికి వేడెక్కుతుంది. మరీ సన్నదైతే చలికి కొంకర్లు పోయిన వేళ్లతో దాన్ని కొక్కేనికి తగిలించడం, తీయడం గండం. అందుకని లోపల డైనీమా, పైన పాలిస్టర్ తొడుగు ఉన్న పడవ తాడు మేలు. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దాకా కరగదు. తొడుగు ఒరుసుకుపోయినా లోపలి బలం పోదు. ఒరుసుకుపోయిందని కళ్లకు కనిపిస్తుంది కూడా. కొక్కెం వైపు మాత్రం ఒక్క లాగుతో విడిపోయే ఏర్పాటు తప్పకుండా ఉండాలి. తాడు ఎంత గట్టిదైతే అది అంత అవసరం, తెగి మనిషిని కాపాడే తాడు కాదు ఇది.

ఇక కొసలు. ముడి వేస్తే, అది జారకపోయినా, డైనీమా బలంలో సగం పైనే పోతుంది. వంపులో బయటి పోగులే బరువంతా మోసి ఒక్కొక్కటే తెగుతాయి. ముడికి బదులు స్ప్లైస్ చేస్తే, అంటే కొసను తాడులోకే దూర్చి కలిపితే, సుమారు తొంభై శాతం బలం నిలుస్తుంది.

ఆ రాత్రి నేలమీద కూర్చుని చేశాం. మా దగ్గరున్నది తొడుగు లేని నాలుగు మిల్లీమీటర్ల బోలు అల్లికే. మామూలు కత్తెర దాని మీద జారిపోయింది, పదునైన కత్తి తెచ్చాక గాని తెగలేదు. కొసను వెనక్కి మడిచి చిన్న ఉచ్చు చేసి, ఆ తోకను తాడు పొట్టలోకే దూర్చాలి. దబ్బనం లేదు, సన్నని తీగను రెండుగా మడిచి దాంతో లాగాం. ఎంత పొడవు దూర్చాలి? ఇలాంటి అల్లికకు పడవ తాళ్లవాళ్లు చెప్పే లెక్క తాడు మందానికి 72 రెట్లు. అంటే దాదాపు 29 సెంటీమీటర్లు.

"ఇంతా?" అన్నాడు వాడు.

ఇంతే. పైనున్న అల్లిక లోపలి తోకను ఒక్కోచోట ఇసుమంతే పట్టుకుంటుంది. లాగేకొద్దీ అల్లిక సన్నబడి ఇంకా బిగుసుకుంటుంది. అణువు అణువును పట్టుకున్న పద్ధతే, తాతయ్య పీచు పక్కన పీచు నడిపించిన పద్ధతే.

తోక చివర ఒకేసారి కోయకూడదు. పోగులు ఒకటి వదిలి ఒకటి తెంపుతూ సన్నగా చెక్కితే, లోపల మెట్టులా కాకుండా వాలులా ముగుస్తుంది. ఆఖరికి ఉచ్చును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆవు పొదుగు పిండినట్టు తాడును కిందికి దువ్వాలి. తోక మెల్లగా లోపలికి వెళ్లి మాయమైంది. బరువు లేనప్పుడు జారకుండా నాలుగు కుట్లు వేశాం. అది మరవకూడదు, వదులుగా ఉన్నప్పుడు ఈ పట్టు ఉండదు.

పొద్దున్నే ఇంటి ముందు ఇనుప స్తంభానికి తగిలించి, వాడు హార్నెస్ వేసుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చాడు. నేను ఉచ్చు దగ్గర వేలు పెట్టి చూశాను. అల్లిక కాస్త కదిలింది, సన్నబడింది, బిగుసుకుని ఆగిపోయింది.