వార్తల్లో పదం: మరుగుజ్జు గ్రహం

గ్రహమంటే సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య పరిసరాల్లో తనదే పైచేయి కావాలి. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఖరారు చేసిన ఈ మూడో షరతు దగ్గరే ప్లూటో ఆగిపోయి, మరుగుజ్జు గ్రహమైంది.

జనం ఊరుకోలేదు. అంతకుముందే తన ప్రదర్శనశాలలో ప్లూటోను గ్రహాల వరసలోంచి తప్పించిన న్యూయార్క్ ఖగోళవేత్త నీల్ డిగ్రాస్ టైసన్‌కు బడిపిల్లలు కోపంగా ఉత్తరాలు రాశారు. 2007లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్ర ప్రతినిధుల సభ, తమ ఆకాశంలో సాగినంతసేపూ అది గ్రహమేనని తీర్మానించింది. 1930లో క్లైడ్ టాంబా దాన్ని కనిపెట్టింది అరిజోనాలో; ఆ రాష్ట్రం 2024లో ప్లూటోను తన అధికారిక గ్రహంగా ప్రకటించుకుంది.

చిన్ననాట నేర్చిన ఆకాశంపై ఆ మమకారం గౌరవించదగ్గదే. కానీ ప్లూటో గ్రహమైతే, దాదాపు అంతే పరిమాణమున్న మరో మరుగుజ్జు గ్రహం ఎరిస్‌నూ గ్రహమనాలి. అందుకే సమాఖ్య నిర్ణయమే సబబు.