షెడ్డులో పాత కారుందా? రంగు సంగతి తర్వాత, ముందు ఇది చూడండి!

మీ పెరట్లోనూ రేకుల కింద ఓ పాత కారుందా? పైన చిరిగిన దుప్పటి, దుప్పటి మీద కోళ్ళు... అవునా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

మా ములుగులో మామగారి స్టాండర్డ్ హెరాల్డ్ అలాగే పడుండేది. "పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేద్దాం, వడ్ల బస్తాలకైనా చోటు దొరుకుతుంది" అని నేను పోరుతూనే ఉన్నాను. శ్రీవారు మాత్రం "అది నాన్న కొన్న కారు" అనేవారు. ఆ మాటకి ఏ ఇల్లాలు మాత్రం ఏం జవాబు చెబుతుంది!

ఓసారి లాడ్ బజార్‌లో గాజులు కొనుక్కుని పక్కనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళాం. అక్కడ నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది చూశారూ, 1912 నాటిది! ఆరో నిజాం ముచ్చటపడి చేయించుకుంటే, అది వచ్చేలోగానే 1911లో ఆయన కన్నుమూశారట. అన్నేళ్ళ బండి పెళ్ళికూతురిలా మెరుస్తుంటే నా మనసు కాస్త మెత్తబడింది.

హెరాల్డ్‌ని 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ తెచ్చింది. 1961 నుంచి మదరాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. దీని ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ట్రంకు పెట్టె మూతలా లేస్తుంది. దీనికో షోకిలా చెల్లెలుంది. పేరు స్పిట్‌ఫైర్, రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. హెరాల్డ్ చాసిస్‌నే పొట్టిచేసి దాన్ని కట్టారు. డబ్బుల్లేక ఆ నమూనా బండిని ఫ్యాక్టరీలో ఓ మూల గుడ్డ కప్పి పడేశారట! 1961లో కంపెనీ చేతులు మారాక కొత్తవాళ్ళు ఆ గుడ్డ తీసి చూసి ముచ్చటపడ్డారు. 1962 నుంచి 1980 దాకా మూడు లక్షల పైచిలుకు అమ్ముడైంది.

ఈ చుట్టరికం మాకెలా పనికొచ్చిందంటారా? స్పిట్‌ఫైర్‌ని ప్రేమించేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి సామాన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. ముందు చక్రాల దగ్గరి భాగాలు చాలావరకు రెంటికీ ఒకటే. ఇంగ్లండులో 1977లో పెట్టిన ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ అక్కాచెల్లెళ్ళిద్దర్నీ చూసుకుంటుంది.

శ్రీవారు ముందు రంగు వేయిద్దామన్నారు. ఎర్ర రంగు డబ్బా కూడా వచ్చేసింది! ఈలోగా హైదరాబాద్‌లో స్పిట్‌ఫైర్‌ని బాగుచేసుకుంటున్న ఒకాయన మా బండి చూడడానికి వచ్చారు. చాయ్ కూడా తాగకుండా ముందు చక్రం పక్కన నేల మీద పడుకుని, "అమ్మా, రంగు తర్వాత. ముందు ఈ ట్రనియన్ చూడండి" అన్నారు.

ట్రనియన్ అంటే ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగున ఉండే ఇత్తడిలాంటి ముక్క. మరలో మర తిరిగినట్టు, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కడ్డీ అందులో తిరుగుతుంది. దానికి గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పట్టించాలి. కుట్టుమిషన్‌కి నూనె వేయకపోతే ఏమవుతుందో మనకి తెలుసు కదా! ఇక్కడ బిగుసుకుంటే కడ్డీ విరిగి, నడుస్తున్న బండి చక్రం లోపలికి మడత పడిపోతుంది. మాదాన్ని విప్పితే లోపలంతా తుప్పు, చుక్క నూనె లేదు. ఎర్ర రంగు వేయించుకుని పిల్లల్ని ఎక్కించుకుని రాజీవ్ రహదారి ఎక్కి ఉంటే? ఇప్పటికీ తలచుకుంటే నా గుండె ఝల్లుమంటుంది.

ఆయన తన తప్పు కూడా దాచుకోలేదు. స్పిట్‌ఫైర్‌కి తలుపుల కింది పట్టీలే బలం. ఆధారం పెట్టకుండా రెండు వైపులా కోయించేసరికి బండి వంగి, తలుపులు పడడం మానేశాయట! ఇలా చెప్పేవాళ్ళు దొరకడమే మన అదృష్టం.

నా తప్పు కూడా వినండి. మొదట్లో విప్పిన నట్లూ వాషర్లూ అన్నీ ఒకే ఆవకాయ జాడీలో పోశాను. ఏది దేనిదో తేలక రెండు ఆదివారాలు పోయాయి. తర్వాత పాత చీరతో చిన్న సంచులు కుట్టి, ఒక్కోదానికి చీటీ కట్టాను. విప్పేముందు ఫోటో, విప్పాక నోటుబుక్కులో ఒక లైను. ఈ పని మగవాళ్ళకి వదలకండి! ఖర్చు కూడా అదే పుస్తకంలో రాస్తే, ఇంటికి తెలియకుండా సామాన్లు రావు.

బ్రేకు పైపులూ పెట్రోలు గొట్టాలూ కొత్తవే వేయించండి. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్‌కి పాత రబ్బరు ఆగదు. కారిందంటే నిప్పుతో ఆటే.

కాగితాల సంగతి ఒకటుంది. యాభై ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని బండ్లకి 2021లో కేంద్రం వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా చేయించుకుంటే రుసుం 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ కూరగాయలకి వెళ్ళడానికి కాదు సుమా!

మా కాగితాలు ఇంకా రాలేదు. అందుకే మొన్న పెరట్లోనే అటూ ఇటూ నడిపారు. అత్తగారు కొంగు సర్దుకుని ముందు సీట్లో కూర్చుని, "మీ మామయ్య ఇంత మెల్లగా నడిపేవారు కాదు" అన్నారు. ఎర్ర రంగు డబ్బా ఇంకా అటక మీదే ఉంది. నా వడ్ల బస్తాలేమో వరండాలోనే ఉన్నాయి.