జున్నుకి జ్వరం వచ్చిన వారం

పిల్లల పోరు పడలేక జున్నుని తెచ్చుకున్నాం. అప్పటికి దానికి పది వారాలు. మేముండేది మలేసియాలో, క్లాంగ్‌లో. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, సాయంత్రమైతే వాన. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలోకి తీసుకెళ్లొద్దన్నారు, తీసుకెళ్లలేదు. ఇల్లు రోజూ తుడుస్తాను, వారానికోసారి స్నానం చేయిస్తాను. ఇంకేం వస్తుందిలే అనుకున్నాను.

మూడో వారంలో ఒక పొద్దున జున్ను లేవలేదు. పెట్టిన తిండి పెట్టినట్టే ఉంది. ఎండకి నీరసపడిందేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి పొట్ట మీద ఎర్రటి చుక్కలు తేలాయి. పరుగెత్తాం. డాక్టరమ్మ చూస్తే జ్వరం 40.3 డిగ్రీలు. కుక్కలకి 39 దాకా మామూలే. చిగుళ్లు పాలిపోయాయి. కాలివేళ్ల సందులు విడదీసి చూపించారు. మెంతిగింజంత పిడుదులు, రెండు!

మా ఊళ్లో గోమార్లంటారు. బీఎస్సీలో జువాలజీ నాది. ఎనిమిది కాళ్లూ లెక్కపెట్టి మరీ రికార్డులో బొమ్మ గీశాను. ఇంట్లో కుక్కపిల్ల వేళ్ల సందు మాత్రం చూసుకోలేదు.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. పిడుదు కాటుతో వచ్చే ఎర్లికియా అనే బాక్టీరియా అది. 28 రోజులు డాక్సీసైక్లిన్, తిండితోపాటు. మొదటి రెండు రాత్రులు దాని పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. నాలుగో రోజు గిన్నె నాకింది. మా అమ్మాయి ఏడ్చేసింది.

ఈ పిడుదు రక్తం తాగి కిందికి రాలిపోయి, గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో వేల గుడ్లు పెడుతుందట. చలికాలమే లేని చోట దానికి విరామం ఉండదు. అందుకే కుక్కకి వైద్యం చేస్తే చాలదు, ఇంటికీ చేయాలి. పరుపు వేడినీళ్లతో ఉతికాం, మూలమూలలా వాక్యూమ్ పెట్టాం, మందు కొట్టించాం. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని అత్తయ్య ఫోన్లో చెప్పారు. డాక్టరమ్మ వద్దే వద్దన్నారు. ఒళ్లు నాక్కుంటుంది కదా, కుక్కలకి కర్పూరం విషం.

ఇప్పుడు బరువు చూసి ఇచ్చిన మాత్ర నెలనెలా వేస్తున్నాం. దోమలు గుండె పురుగుని అంటిస్తాయి, దానికీ నెలకో మందు. ఆ పురుగు ఎదగడానికి ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా పైకేమీ తెలియదు, కాబట్టి ఆరోగ్యంగా ఉంది కదా అని మానేయకండి.

రోజూ రాత్రి అమ్మాయి టార్చి పడుతుంది, నేను చెవులు, చంకలు, వేళ్ల సందులు వెతుకుతాను. నిన్న ఒకటి దొరికింది. చర్మానికి ఆనించి ట్వీజర్‌తో పట్టి, మెల్లగా నిటారుగా లాగి స్పిరిట్ సీసాలో వేశాను. సీసా మీద తేదీ రాసి ఫ్రిజ్ పైన పెట్టాను.